అయినవాళ్ల గుట్ట

మా దేవుని అర్రలో ఒక రాయి ఉంది. ఉసిరికాయ కన్నా పెద్దది, నిమ్మకాయ కన్నా చిన్నది. నల్లగా, నున్నగా ఉంటుంది. ఒక పక్కన చిన్న బొక్క. అందులోకి వేలు పోదు, చూపు పోతుంది. దీపం దగ్గరగా జరిపి చూస్తే లోపల చక్రం కనిపిస్తుంది. సన్నటి గీతలు చుట్లు చుట్లుగా తిరుగుతూ పోయి నడుమ ఒక చుక్కలో ఆగిపోతాయి.

దాన్ని రాయి అంటే మా బాపమ్మ కసిరేది. స్వామి అనాలి. 1979 పుష్కరాలప్పుడు గంగ ఒడ్డున దిగిన ఒక బైరాగి ఇచ్చిపోయాడట. బదులుగా ఈమె ఇన్ని బియ్యమూ ఒక కొత్త తువ్వాలూ ఇచ్చిందట. సాలగ్రామాన్ని అమ్మడం, కొనడం రెండూ పాపమే కనుక దాన్ని బేరం అనకూడదు. రోజూ పొద్దున్నే రాగిచెంబుతో ఆ స్వామి మీద నీళ్లు పోసి, ఆ నీళ్లే మా అరచేతుల్లో పోసేది. తులసి వాసన, రాగి వాసన, ఆ రెంటి కింద ఇంకేదో చల్లదనం. మూడుసార్లు తాగి, తడి చెయ్యి తలకు రాసుకొని బడికి ఉరికేవాళ్లం.

ఓ గుట్టా, నిన్ను నేను మొదట ముట్టుకున్నది అట్లా. అది మీ ఇంటి రాయి అని నాకు అప్పుడు తెలియదు.

గుట్ట అంటున్నానని చిన్నబుచ్చుకోకు. మా దిక్కున ఎత్తుగా నిలబడ్డదేదైనా గుట్టే. నరసింహస్వామి ఎక్కి కూర్చున్న యాదగిరీ గుట్టే, ఊరి వెనక మేకలు తిరిగే బండా గుట్టే. పర్వతం, శిఖరం, శృంగం అని పుస్తకాల్లో చదువుకున్నాం గానీ ఆ మాటలతో పిలిస్తే నువ్వు పలుకుతావన్న నమ్మకం నాకు లేదు. పేరు పెట్టి పిలిచే చనువు ఉండాలి. 8,848.86 మీటర్ల గుట్టవు నువ్వు. 2020 డిసెంబరు 8న నేపాలూ చైనా కలిసి చెప్పిన లెక్క ఇది. అంతకుముందు చాలా ఏండ్లు నెత్తిన ఉన్న మంచునూ కలిపి కొలవాలని ఒకరు, రాయి దాకానే కొలవాలని ఇంకొకరు. చివరికి మంచే గెలిచింది. ఆ మిగులు 86 సెంటీమీటర్లు ఉందే, అది రెండేండ్ల పిల్ల ఎత్తు. అంత పెద్ద రెండు దేశాలు కూర్చొని ఆ పిల్లను కూడా లెక్కలో వేసుకున్నందుకు నాకు సంతోషం.

మా గంగ సంగతి చెప్తా విను. గంగ అంటే గోదావరి. మా ధర్మపురిలో ఎవరూ గోదావరికి పోరు, గంగకు పోతారు. గంగల తానం చేస్తారు, గంగ దాటి పెండ్లికి పోతారు, గంగ వచ్చిందంటే ఒడ్డు మీది మెట్లు లెక్కపెడతారు. ఎన్ని మెట్లు మునిగాయన్నదే మాకు వరద కొలత. మా ఊరి దగ్గర అది దక్షిణానికి తిరిగి పారుతుంది, అందుకే పుణ్యం ఎక్కువ అంటారు. పుణ్యం మాట ఎట్లున్నా దానిలో మంచు చుక్క లేదు. త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరి మీద పుట్టిన నది అది. ఆ గుట్టకు మంచు సంగతే తెలియదు. వాన పడితే నీళ్లు, లేకుంటే ఇసుక.

మా చిన్నప్పటి మే నెలలు ఇసుకవే. ఎండ 45 డిగ్రీలు దాటేది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెల్లటి ఇసుక, కండ్లు విప్పనియ్యని తెలుపు. అరికాళ్లు కాలి, తుంగగడ్డి కనిపిస్తే దాని మీదికి ఎగిరి నిలబడేవాళ్లం. ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చొని చేతులతో ఇసుక తోడి చెలిమె తీసేవాళ్లు. మూరెడు లోతున ఇసుక రంగు మారుతుంది. ఇంకో బెత్తెడు తోడితే తడి. తర్వాత ఓపిక పట్టాలి. చూస్తూ చూస్తూ ఉండగా ఎటునుంచో ఊరి వచ్చి ఒక గిన్నెడు నీళ్లు నిలబడతాయి, ఆకాశం ముక్క అందులో పడుతుంది. చిప్పతో ముంచి ముంచి బిందె నింపుకోవాలి. ఆ తెల్లటి ఇసుక మీద నిలబడి, బడిలో సారు చెప్పిన హిమాలయాన్ని ఊహించుకునేవాణ్ని. తెలుపు సరిపోయేది, కాలే కాలు మాత్రం ఒప్పుకునేది కాదు.

నీకేమో ఎండాకాలమే నీళ్లకాలం. నీ ఒంటి మీద మంచు నదులై కదులుతుంది. దక్షిణాన ఖుంబు, ఉత్తరాన రోంగ్‌బుక్, తూర్పున కాంగ్‌షుంగ్. నది అన్నానే గానీ పారడం కంటికి కనపడదు. నాపరాయి బండి ఘాటెక్కినట్టు మెల్లగా, బరువుగా, పగుళ్లు పెట్టుకుంటూ, రాత్రుళ్లు మూలుగుతూ జరుగుతాయి. నీ దక్షిణపు మంచు కరిగి దూద్‌కోసీలో పడుతుంది. ఉత్తరపు మంచు టిబెట్‌లో అటు తిరిగి ఇటు తిరిగి అరుణ్ నదిలో కలుస్తుంది. ఆ అరుణ్ ఏం చేసిందో చూడు. వెనక పుట్టిన నది, నీ వరసలోని కొండల్నే కోసుకొని ఇవతలికి వచ్చింది. నేపాల్‌లో త్రివేణి అనే చోట ఈ నీళ్లూ ఆ నీళ్లూ ఒక్కటవుతాయి. అక్కణ్నుంచి కోసీ, కోసీ నుంచి గంగ, అసలు గంగ.

నీ నెత్తి మీద గీత ఉన్నమాట నిజమే. 1961 అక్టోబరులో నేపాల్ రాజ్యమూ చైనా ప్రభుత్వమూ ఒప్పందం మీద సంతకాలు పెట్టుకున్నాయి. సరిహద్దు సరిగ్గా శిఖరం మీదుగా పోతుంది. ఈ కాలు నేపాల్‌లో, ఆ కాలు చైనాలో పెట్టి నిలబడొచ్చు. తల దువ్వి పాపిట తీసినట్టు గీశారు. పాపిటకు అటు వెంట్రుకలు ఒకరివి, ఇటువి ఇంకొకరివి. కింద జడలో మాత్రం రెండు పాయలూ కలిసిపోయాయి.

గీతలు మాకూ కొత్త కాదు. నా చిన్నతనంలో ఈ ఒడ్డు కరీంనగరం, ఆ ఒడ్డు ఆదిలాబాదు. గంగ నడుమ ఇసుకలో ఎక్కడ జిల్లా మారుతుందో వెతికేవాళ్లం. ఉత్తరాన, ఆసిఫాబాదు అడవుల్లో కెరమెరి దిక్కు కొన్ని ఊళ్లున్నాయి. తెలంగాణ మావంటుంది, మహారాష్ట్ర మావంటుంది. అక్కడి జనానికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, రెండు బళ్లు. ఇద్దరు ముఖ్యమంత్రుల ఫొటోలు ఒకే గోడ మీద చూడొచ్చు. ఇక మా జగిత్యాల దిక్కు వాళ్లకు సరిహద్దు అంటే గుట్టా కాదు, నదీ కాదు. విమానాశ్రయంలో పాస్‌పోర్టు మీద పడే ముద్ర. దుబాయి పోయినవాళ్లు, మస్కట్ పోయినవాళ్లు లేబర్ క్యాంపుల్లో నేపాలీలతో కలిసి ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకొని పడుకుంటారు. నీ కింద పుట్టినవాడూ నా పక్కింట్లో పుట్టినవాడూ ఒకే పొయ్యి మీద పప్పు వండుకుంటారు. అంతకన్నా దగ్గరి చుట్టరికం ఏముంటుంది?

ఉంది. నీ పేరు చూడు.

ఎవరెస్టు అంటే మా చెవికి ముందు తగిలేది ‘ఎవరు’ అన్న మాటే. బడిలో సారు పేరు చెప్పగానే వెనక బెంచీలో ఎవడో ఒకడు ‘ఎవరు?’ అని తప్పక అడిగేవాడు. బెత్తం దెబ్బ తినేవాడు. అడగవలసిన ప్రశ్నే కదా. ఎవరీ ఎవరెస్టు? సర్వే దొర. పేరు జార్జ్ ఎవరెస్ట్. 1818లో హైదరాబాదుకు వచ్చి, భూమిని గొలుసులతో, త్రిభుజాలతో కొలుస్తున్న లాంబ్టన్ దొర దగ్గర పనిలో చేరాడు. మొదట పంపింది ఎక్కడికనుకున్నావు? కృష్ణకూ గోదావరికీ నడుమ అడవుల్లోకి. వానాకాలం, దోమలు, బురద. చలిజ్వరం పట్టి ప్రాణం మీదికి వచ్చింది. కోలుకోవడానికి ఆఫ్రికా కొస దాకా ఓడెక్కి పోవలసి వచ్చింది. 1823లో లాంబ్టన్ నాగపూర్ పోతూ పోతూ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. మా ఆదిలాబాదు దాటి పోయే తొవ్వే అది, సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ కొలత పని ఎవరెస్ట్ నెత్తిన పడింది. 1843లో పని విడిచి ఇంగ్లండు పోయాడు. నిన్ను లెక్క కట్టింది ఆయన తర్వాతివాళ్లు. పదిహేనో నంబరు శిఖరం అని రాసుకున్న నిన్ను, రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ గణితజ్ఞుడు 1852లో కూడికలు తీసివేతలు చేసి అన్నిటికన్నా ఎత్తు అని తేల్చాడు. పేరు మాత్రం దొరది. ఆ దొర మొహమాటపడ్డాడు, నా పేరు అక్కడి జనం నోరు తిరగదు అన్నాడు. వినలేదు. 1865లో ఖాయం చేశారు.

నోరు తిరగకేం, మాకు బాగానే తిరిగింది. కాకపోతే ఆ పేరులో నాకు దొరకన్నా దొర జ్వరమే ఎక్కువ వినిపిస్తుంది. మా తెలంగాణ దోమ కుట్టిన మనిషి పేరు మోస్తున్నావు నువ్వు, అన్ని దిక్కులకూ పైన నిలబడి.

నీకు టిబెటు పేరు చోమోలుంగ్మా, అమ్మవారు. నేపాలీ పేరు సగర్‌మాథా. గడిచిన శతాబ్దంలో బాబూరామ్ ఆచార్య అనే చరిత్రకారుడు వాడుకలోకి తెచ్చిన పేరు అది. ఆకాశానికి నుదురు అని అర్థమట. మన పత్రికలవాళ్లు విన్నది విన్నట్టు తెలుగు చేసుకొని సాగరమాత అని రాసేశారు. సాగరానికి అమ్మ! తప్పే. కానీ గుట్టా, తప్పులో అంత నిజం పడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎందుకంటే నువ్వు సముద్రానివి. నీ నెత్తిన మంచు తీస్తే కింద ఉండేది సున్నపురాయి. 45 కోట్ల ఏండ్లకు పైబడ్డ సముద్రపు అడుగు. అందులో చిన్న చిన్న సముద్రపు పురుగుల, పువ్వుల్లాంటి జీవుల పెంకులు రాయై ఉన్నాయి. ఎవరి సముద్రమది? మన నేలకు ఉత్తరపు అంచున అలలు కొట్టిన సముద్రం. ఆ అంచు మనదే, ఆ బురద మనదే. అప్పుడు ఈ నేల ఇక్కడ లేదు. ఎక్కడో దక్షిణాన ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలను అతుక్కొని ఒకే ముద్దగా ఉండేది. ఆ పెద్ద నేలకు శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు గోండ్వానా. గోండుల అడవి పేరు. కేస్లాపూర్ నాగోబా దగ్గర దండం పెట్టే మా గోండుల పేరు, జోడేఘాట్‌లో తుపాకీకి ఎదురు నిలిచిన కొమురం భీం తెగ పేరు. సగం భూగోళానికి మా ఆదిలాబాదు మనిషి పేరు పెట్టుకున్నారు. ఆ మనిషికి మాత్రం పట్టా ఇవ్వడానికి కాగితాలు అడుగుతారు.

ఆ గోండ్వానా మీద ఒకప్పుడు ఏముందో తెలుసా? మంచు.

ఈ మాట మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి బయటికి వచ్చి నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. ఆదిలాబాదుకు ఉత్తరాన పెన్‌గంగ పారుతుంది. ఈ ఒడ్డు మనది, ఆ ఒడ్డు మహారాష్ట్ర. చంద్రపూర్ దిక్కు ఆ పెన్‌గంగ పక్కన ఇరాయి అనే చిన్న ఊరుంది. అక్కడ నది ఒడ్డున సున్నపురాతి పరుపు మీద గీతలున్నాయి. ఒకే దిక్కుకు, ఒకదాని పక్కన ఒకటి, బలపంతో గట్టిగా ఒత్తి గీసినట్టు. దాని పైన చిన్నవీ పెద్దవీ కలగలిసిన బండరాళ్ల పొర. భూగర్భ శాఖలో పనిచేసిన ఫెడెన్ 1870ల్లో దాన్ని చూసి, ఇది మంచు చేసిన పని అన్నాడు. ఇంత ఎండ దేశంలో మంచా అని ఎవరికైనా నవ్వొచ్చే మాటే. కానీ గీత అబద్ధమాడదు. సుమారు 30 కోట్ల ఏండ్ల కింద ఈ నేల మీద మంచునది జరిగింది. అడుగున బండల్ని పండ్లలా బిగబట్టి, కింది సున్నపురాతిని గీరుకుంటూ పోయింది. ఆ మంచు కరిగి, చిత్తడి నిండి, అడవి మొలిచి, అడవి కూలి, దాని మీద బురద పడి పడి బొగ్గయింది. ఇవాళ గోదావరిఖనిలో షిఫ్టు దిగి నల్లటి మొహంతో చాయ తాగుతున్న మనిషి తవ్వేది ఆ అడవినే. బొగ్గుబాయి అడుగున ఆకుల అచ్చులుంటాయి. వాటికీ కింద, మంచు మోసుకొచ్చి పడేసిన రాళ్లు.

అంటే గుట్టా, మేము మంచుగా ఉన్నప్పుడు నువ్వు నీళ్లుగా ఉన్నావు. వంతులు మార్చుకున్నాం మనం.

తర్వాత ఈ నేల తెగింది. ఒంటరిగా ఉత్తరానికి బయల్దేరింది. నేల కదిలితే ఎంత వేగం? ఎంత ఉరికినా చేతిగోరు పెరిగినట్టో, దానికి నాలుగైదు రెట్లో. ముందు సముద్రం, వెనక సముద్రం. సాలగ్రామం లోపల చక్రం చుట్టుకున్న జీవి ఆ ముందున్న సముద్రంలోనే ఈదింది. నత్తలాగా గుల్ల ఉండేది గానీ నత్త కాదు. సుమారు 15 కోట్ల ఏండ్ల కిందటి మాట. చచ్చి అడుగుకు చేరింది. దాని గుల్లలో బురద నిండింది, బురద రాయయింది. 5 కోట్ల ఏండ్ల కింద మన నేల పోయి ఆసియాను గుద్దింది. నడుమ ఉన్న సముద్రం పోవడానికి చోటు లేక, దాని అడుగు మడతలు పడి, మడత మీద మడత, పైకి లేచింది. నువ్వు లేచావు. నీకు పడమరగా గండకీ లోయలో ఆ గుల్లల రాళ్లు ఏటి నీళ్లలో పడి, దొర్లి దొర్లి నునుపెక్కి, ఎవరో ఏరి, ఏ బైరాగి జోలెలోనో పడి, ధర్మపురి గంగ ఒడ్డుకు వచ్చాయి. మా బాపమ్మ వాటిల్లో ఒకదానికి రోజూ స్నానం చేయించింది. ఎండిపోయిన సముద్రానికి రాగిచెంబుతో నీళ్లు పోసింది. మేము తాగాం.

నిన్ను ఎత్తినవాళ్లం మేమే. ఇప్పటికీ నెడుతూనే ఉన్నాం, ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు. భుజం ఎక్కడ పెట్టామో మాకే తెలియదు. అప్పుడప్పుడు నీ దగ్గర ఇండ్లు కూలినప్పుడు, 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో కూలినట్టు, ఆ నెట్టడంలో ఎంత బలముందో తెలిసి భయమేస్తుంది.

ఇన్ని కోట్ల ఏండ్లు నెట్టినవాళ్లలోంచి ఒక పిల్ల నిన్ను చూడటానికి వచ్చింది. గుర్తుందా?

నిజామాబాదు జిల్లా సిరికొండ మండలం పాకాల. మా జగిత్యాలకు పడమటి వైపు, అడవి అంచు ఊరు. మాలావత్ పూర్ణ. లంబాడీ బిడ్డ, కూలి చేసుకొని బతికే ఇల్లు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుంది. భువనగిరి గుట్ట ఏకశిల, ఏనుగు వీపులా నున్నగా ఉంటుంది. మొదటిసారి కింద నిలబడి పైకి చూసి భయపడిందట. ఎవరైనా భయపడతారు. గోరు దూరే సందు కోసం వేళ్లు వెతుక్కుంటాయి, ఎండకు బండ పెనంలా కాలుతుంది. శేఖర్‌బాబు నేర్పాడు. అప్పుడు గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పంపాడు. డార్జిలింగ్, లద్దాఖ్, ఆ తర్వాత నువ్వు.

నేపాల్ వైపు 16 ఏండ్లు నిండందే ఎక్కనివ్వరు. ఈమెకు 14 కూడా నిండలేదు. టిబెట్ వైపు నుంచి, రోంగ్‌బుక్ మంచు పక్కగా వచ్చింది. తోడు అప్పటి ఖమ్మం జిల్లా చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్. చర్ల కూడా గోదావరి ఒడ్డే. మా మెట్లు తడిపిన నీళ్లే కొన్నాళ్లకు వాళ్ల ఊరి ముందునుంచి పోతాయి. వీళ్లు బయల్దేరిన కొద్దిరోజులకే, 2014 ఏప్రిల్ 18న, నీ అవతలి వైపు ఖుంబులో మంచు విరిగిపడి 16 మంది పోయారు. అందరూ మూటలు మోసే, తొవ్వ వేసే నేపాలీలు. ఆ వార్త ఇవతలికీ చేరింది. వెనక్కి రమ్మంటే రాలేదు ఈ పిల్లలు. డబ్బాల్లో వచ్చే తిండి వాసన పడేది కాదట ఆమెకు, కడుపు తిప్పేదట. తొవ్వలో మంచులో ఉండిపోయిన మనుషుల్ని చూశానని తర్వాత చెప్పింది. దాని గురించి ఎక్కువ అడగకూడదనిపిస్తుంది నాకు.

ఆఖరి రాత్రి. తలకు దీపం. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. సుమారు 8,600 మీటర్ల దగ్గర నిలువు రాయి, చైనా వాళ్లు 1975లో మొదటిసారి నిచ్చెన బిగించిన రాయి, నిచ్చెన పుణ్యమా అని దాటగలిగే రాయి. బూట్ల కింద ఇనుప పండ్లు. ఆ పైన అక్కడక్కడా మంచు పోయి ఉత్త బండే ఉంటుంది. ఇనుము రాతి మీద జారి కీచుమంటుంది. గీత పడుతుంది. సున్నపురాయి మీద గీత! ఇరాయిలో మంచు గీసిన గీతలు చూసినప్పటి నుంచి నాకు ఇదే తోస్తుంది. అక్కడ మంచు పోతూ పోతూ సున్నపురాయి మీద గోరు గీసింది. ఇక్కడ ఆ నేల పిల్ల ఒకతి వచ్చి, నీ సున్నపురాయి మీద బూటుతో గీసింది. చుట్టాలింటికి పోయినప్పుడు గడప మీద పడే అడుగు అది.

2014 మే 25 పొద్దున ఆమె నీ నెత్తి మీద నిలబడింది. 13 ఏండ్ల 11 నెలల వయసు. అంత చిన్న వయసులో నిన్నెక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. ఉత్తరపు తొవ్వన మొదటిసారి నిన్ను ఎక్కిందీ మే 25నే, 1960లో, చైనా బృందం. ఆ రోజు ఆమె కాళ్ల కింద రెండు దేశాల గీత. ఇక్కడ ఇంటి దగ్గర ఇంకో గీత గీస్తున్నారు. ఎనిమిది రోజులు గడిస్తే జూన్ 2, తెలంగాణ. ఎక్కేటప్పుడు ఒక రాష్ట్రపు పిల్ల, దిగి ఇంటికి చేరేసరికి ఇంకో రాష్ట్రపు పిల్ల. గుట్టా, నీకు మాత్రం ఆమె మారలేదు కదా.

మా ఊళ్లో యముడికి గుడి ఉంది. నరసింహస్వామి ఆవరణలోనే, కోరమీసాలతో, అందరూ దండం పెట్టుకొని పోతారు. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని మాకు ధైర్యం. నీ దగ్గర ఆయనకు గుడి లేదు, ఎత్తు ఉంది. 8,000 మీటర్లు. దాని పైన ఊపిరి మూడోవంతుకు పడిపోతుంది. మెదడు మసకబారుతుంది. కూర్చుంటే లేవాలనిపించదు. ధర్మరాజు వెంట నడిచింది కుక్క కాదు, యముడే అని భారతంలో చదివినప్పుడు నాకు వింతగా ఉండేది. ఇప్పుడు లేదు. అంత ఎత్తున ఎవరి వెంటైనా ఆయన నడుస్తూనే ఉంటాడు. ఈ మధ్య నిన్ను ఎక్కేవాళ్లు కొస మీద వరసగా, రంగురంగుల కోట్లతో నిలబడ్డ ఫొటో ఒకటి చూశాను, 2019 మే నెలది. మా బ్రహ్మోత్సవాల లైను గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ లైనులోనే ప్రాణాలు పోతున్నాయని చదివి నవ్వు ఆగిపోయింది.

నువ్వు కరుగుతున్నావని కూడా చదివాను. సౌత్ కోల్ అనే కనుమలో, ఎనిమిది వేల మీటర్ల చేరువలో, ఎన్నడూ కరగదనుకున్న చోట, 2,000 ఏండ్లు పేరుకున్న మంచు 25 ఏండ్లలో పోయిందట. 54 మీటర్ల మందం. మంచు మా దగ్గర ఒకప్పుడు ఉండేది, పోయింది. పోతే ఏమవుతుందో మా నేలకు తెలుసు. చెలిమె తవ్వుకుంటాం. నీ కింద కోసీ గట్టున ఉన్నవాళ్లకు ఆ పని ఎప్పుడూ పడకూడదు, దండం పెట్టి అడుగుతున్నా.

మా వాడకట్టులో ఒక గూర్ఖా ఉన్నాడు. రాత్రంతా కర్ర నేలకు కొట్టుకుంటూ, ఈల ఊదుకుంటూ తిరుగుతాడు. నెలకోసారి పొద్దున్నే గేటు దగ్గర నిలబడి నమస్తే అంటాడు. మొన్న వచ్చినప్పుడు కుర్చీ వేసి కూర్చోమన్నాను. లోపల పూజ అవుతోంది.

“భయ్యా, మీది నేపాల్ల ఎక్కడ?”

“కింద సాబ్. తరాయి. వరిపొలాలు. మీ ఊరు లెక్కనే ఉంటది, వేడి.”

“సగర్‌మాథా చూసినవా?”

తల అడ్డంగా ఊపాడు. “నై దేఖా సాబ్. మా దిక్కున కనపడదు.” కొంచెంసేపు ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు జేబులోంచి ప్లాస్టిక్ పర్సు తీశాడు. ఆధార్ లాంటి కార్డొకటి, పిల్లల ఫొటో ఒకటి, వాటి వెనక ఒక నేపాలీ ఐదు రూపాయల నోటు. “ఇది చూసిన. రోజూ చూస్త.”

తీసుకొని చూశాను. వెనక వైపు జడలబర్రెలు. ముందు వైపు నువ్వు, తెల్లగా, మూడుమూలలుగా. నోటు ఎన్నేండ్ల నుంచి పర్సులో నలిగిందో, రెండుగా మడిచిన చోట రంగంతా లేచిపోయి తెల్లటి గీత పడింది. గీత సరిగ్గా నీ నెత్తి మీదుగా పోయింది.

మా ఆవిడ తీర్థం తెచ్చింది. ఆయన కర్ర గోడకు ఆనించి, కుడిచెయ్యి పుడిసిలి పట్టి తాగి, తడి చెయ్యి తలకు రాసుకున్నాడు. నోటును పాత మడత మీదనే మళ్లీ మడిచి లోపల పెట్టుకున్నాడు. నేనిచ్చిన పైసలు పైజేబులో వేసుకొని, గంగ తొవ్వన పడ్డాడు.